నరాల జబ్బున్న పేషెంట్‌కి స్పైనల్ ఇవ్వడం ఎలా: సూదికి ముందు, సూది దగ్గర, సూది తర్వాత

కేస్ షీట్ మీద "మల్టిపుల్ స్క్లెరోసిస్" అనో "పాత పక్షవాతం" అనో "డయాబెటిక్ న్యూరోపతీ" అనో కనపడగానే, ఇంకేమీ చూడకుండా జనరల్ ఎనస్థీషియా అని రాసేసే జూనియర్లు చాలామంది ఉన్నారు. స్పైనల్ (నడుం దగ్గర సూదితో వెన్ను నీటిలోకి ఇచ్చే మత్తు) ఇస్తే ఉన్న జబ్బు ముదురుతుందేమో, ముదిరితే ఆ నింద మన సూది మీదికే వస్తుందేమో అని టెన్షన్. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. కానీ దానివల్ల నష్టపోయేది పేషెంటే. ఊపిరి అంతంతమాత్రంగా ఉన్న మనిషికి గొంతులో గొట్టం వేసి, కండరాలు సడలించే మందులిచ్చి, ఆపరేషన్ అయ్యాక ఆ గొట్టం తీయలేక వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావడమూ ప్రమాదమే. అది స్పైనల్ ఖాతాలో పడదు కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు.

ఇది మత్తు విభాగంలో కొత్తగా పనిచేస్తున్న డాక్టర్ల కోసం రాస్తున్నాను. ఇందులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. జబ్బు పేరు చూసి నిర్ణయం తీసుకోకండి. ఆ జబ్బు ఈ మనిషిలో ఇవాళ ఎంతవరకు వచ్చింది, ఏ కండరం ఎంత పనిచేస్తోంది, ఎక్కడ స్పర్శ తెలియడం లేదు అన్నది సూది వేయకముందే కాగితం మీద ఉండాలి. మిగతా పనంతా దాని మీదే ఆధారపడుతుంది.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది

జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ 1898లో మొదటిసారి ఆపరేషన్ కోసం స్పైనల్ ఇచ్చాడు. యాభై ఏళ్లకు దాని పేరు చెడింది. 1947 అక్టోబర్ 13న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకే రోజు స్పైనల్ తీసుకున్న ఉల్లీ, రో అనే ఇద్దరికి రెండు కాళ్లూ శాశ్వతంగా పడిపోయాయి. కేసు కోర్టుకెక్కింది. 1950లో న్యూరాలజిస్ట్ ఫోస్టర్ కెనెడీ బృందం స్పైనల్ తర్వాత వచ్చిన పక్షవాతాల గురించి చాలా కటువుగా రాసింది. 1956లో వాండమ్, డ్రిప్స్ అనే ఇద్దరు మత్తు నిపుణులు, ముందే ఉన్న నరాల జబ్బు స్పైనల్ తర్వాత ముదిరిన కేసులను ప్రచురించారు. అప్పటినుంచి "నరాల జబ్బు ఉంటే స్పైనల్ వద్దు" అన్నది తరం నుంచి తరానికి నోటిమాటగా వచ్చేసింది.

చెస్టర్‌ఫీల్డ్ కేసులో కారణం స్పైనల్ పద్ధతి కాకపోవచ్చు. సూదులు, సిరంజిలు మరిగించే పాత్రలో గార తీయడానికి వాడిన యాసిడ్ మిగిలిపోయి ఉంటుందని తర్వాత పరిశీలించినవాళ్లు అభిప్రాయపడ్డారు. తర్వాతి లెక్కలు కూడా పాత భయాన్ని పూర్తిగా సమర్థించవు. మేయో క్లినిక్ డాక్టర్లు 2006లో మెదడు, వెన్నుపాము జబ్బులున్న 139 మంది రికార్డులు చూశారు. వీళ్లందరికీ స్పైనల్ లేదా ఎపిడ్యూరల్ (వెన్ను పొరకు బయటే మందు ఇచ్చే పద్ధతి) ఇచ్చారు. ఒక్కరికీ కొత్త లోపం రాలేదు, పాతది ముదరలేదు. అదే ఏడాది న్యూరోపతీ (కాళ్లు చేతుల నరాలు దెబ్బతినడం) ఉన్న 567 మందిని చూస్తే ఇద్దరికి, అంటే 0.4 శాతం మందికి, లోపం కొత్తగా వచ్చింది లేదా పెరిగింది. 2010లో వెన్ను కాలువ ఇరుకుగా ఉన్నవాళ్లు, డిస్క్ జబ్బున్నవాళ్లు కలిపి 937 మందిలో ఈ సంఖ్య 10 మంది, 1.1 శాతం.

ఈ అంకెలను ఎలా చదవాలో కూడా తెలియాలి. 139 మందిలో సున్నా అంటే ముప్పు సున్నా అని కాదు. అంత చిన్న సంఖ్యలో ఎవరికీ కాకపోయినా, అసలు రేటు నూటికి రెండు వరకు ఉండే అవకాశం మిగిలే ఉంటుంది. ఇక మెదడు జబ్బుల కంటే వెన్ను కాలువ ఇరుకు, న్యూరోపతీ ఉన్నవాళ్లలోనే కాస్త ఎక్కువ ఇబ్బంది కనపడింది. నడుము నొప్పి అని తేలిగ్గా తీసుకునే పేషెంటే మనం ఎక్కువ జాగ్రత్తపడాల్సిన పేషెంట్ అన్నమాట.

ఎందుకలా? 1973లో అప్టన్, మెకోమాస్ ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఒక నరం ఒకచోట ఇప్పటికే నొక్కుకుపోయి ఉంటే, రెండోచోట చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటామే, అదే. ఇక్కడ రెండో దెబ్బ సూదే కానక్కర్లేదు. మందు గాఢత, బీపీ పడిపోవడం, ఆపరేషన్ బల్ల మీద కాళ్లు పెట్టిన తీరు, తొడకు కట్టిన టూర్నికే (రక్తం ఆపే పట్టీ), వీటిలో ఏదైనా కావచ్చు.

మొదట: జబ్బు కథ రాబట్టండి

"నరాల జబ్బు ఉందా" అని అడిగితే ఉంది, లేదు అన్న జవాబే వస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఈ ఆరు నెలల్లో పెరిగిందా, తగ్గిందా, ఉన్నచోటే ఉందా, చివరిసారి ఆసుపత్రిలో చేరింది ఎప్పుడు అని అడగండి. నిలకడగా ఉన్న జబ్బు ఒక ఎత్తు. వారం వారం మారుతున్న జబ్బు ఇంకో ఎత్తు. లోపం రోజురోజుకీ పెరుగుతూ, కారణం ఇంకా తేలకపోతే, అత్యవసరం కాని ఆపరేషన్ ఆపించి న్యూరాలజిస్ట్‌కి పంపండి.

పేషెంట్లు తమంతట తాము చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. మూత్రం ఆగి ఆగి వస్తోందా, తెలియకుండా పోతోందా? మలం మీద అదుపు ఉందా? నీళ్లు తాగితే పొలమారుతోందా? పడుకుంటే ఆయాసం వస్తోందా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? పొద్దున్నే తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉన్నాయా? కొంత దూరం నడిచాక కాళ్లు బరువెక్కి, ముందుకు వంగి కూర్చుంటే హాయిగా ఉంటోందా? ఈ చివరి ప్రశ్నకు అవునంటే, ఎవరూ చెప్పకపోయినా వెన్ను కాలువ ఇరుకుగా ఉందనే అనుమానించాలి.

మందుల చీటీ మొత్తం చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లు ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే స్పైనల్‌కి అడ్డు కాదు. క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజుల ముందు ఆపాలి. ఆపడం సురక్షితమేనా అన్నది కార్డియాలజిస్ట్ లేదా న్యూరాలజిస్ట్ చెప్పాలి, మీరొక్కరే తేల్చేయకండి. తక్కువ మోతాదు ఎనాక్సపారిన్ తర్వాత 12 గంటలు, చికిత్స మోతాదు తర్వాత 24 గంటలు ఆగాలి. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే ప్లేట్‌లెట్లు చూసుకోండి.

రెండోది: మీ చేత్తో పరీక్షించి రాయండి

అసలు పని ఇదే. పది నిమిషాలు పడుతుంది. న్యూరాలజిస్ట్ నోట్ ఉన్నా మీరు చేయాల్సిందే. ఆయన రాసింది మూడు నెలల కిందటిది కావచ్చు, మీకు కావాల్సింది ఇవాళ్టిది.

పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్ల మీద దుప్పటి తీసేయండి. పాదాల దగ్గర నిలబడండి. ముందుగా కండరాలు సన్నబడ్డాయా, రెండు పిక్కలు ఒకేలా ఉన్నాయా చూడండి. బొటనవేలు పైకి లాగమని చెప్పి, మీ వేలితో కిందికి నొక్కండి. ఎల్5 (నడుం ఐదో వెన్నుపూస దగ్గరి) నరం లోపం చాలా త్వరగా బయటపడేది అక్కడే. తర్వాత మడమ దగ్గర పాదం పైకి, కిందికి. ఆ తర్వాత పాదం లోపలికి తిప్పమనండి. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ రేపు దీని అవసరం పడొచ్చు. ఆపరేషన్ తర్వాత పాదం వేలాడిపోయిందనుకోండి. లోపలికి తిప్పే బలం బాగానే ఉంటే, మోకాలి పక్కన పెరోనియల్ నరం నొక్కుకుపోయి ఉంటుంది, అంటే బల్ల మీద కాలు పెట్టిన తీరు మీద అనుమానం. ఆ బలం కూడా తగ్గితే వెన్ను దగ్గర ఎల్5 వేరు మీద అనుమానం. ముందు ఎంత ఉందో మీరు రాసి పెట్టుకుంటేనే ఈ తేడా చెప్పగలరు.

మోకాలు చాచడం, తుంటి దగ్గర కాలు ఎత్తడం కూడా చూసి ప్రతిదానికీ 0 నుంచి 5 వరకు గ్రేడ్ వేయండి. కుడి, ఎడమ విడివిడిగా. "రెండు కాళ్లు బలహీనం" అని రాస్తే ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు. "కుడి బొటనవేలు 3, ఎడమ 5" అని రాస్తే పనికొస్తుంది. మొనదేలిన దానితో గుచ్చి తొడ ముందు భాగం, మోకాలు, పిక్క బయటివైపు, చిటికెనవేలు పక్క, తొడ వెనక స్పర్శ చూడండి. మూత్రం ఇబ్బంది ఉందని చెప్పినవాళ్లకు మలద్వారం చుట్టూ స్పర్శ కూడా చూడాలి. మొహమాటపడి వదిలేయకండి. చెప్పి, అనుమతి తీసుకుని, తోడుగా నర్సును పెట్టుకుని చూడండి. మోకాలు, మడమ రిఫ్లెక్సులు రాయండి.

తర్వాత వీపు వైపు తిప్పండి. నడుం దగ్గర వెంట్రుకల కుచ్చు, గుంట, మెత్తటి కొవ్వు గడ్డ, పాత ఆపరేషన్ మచ్చ, వంకర, వీటిలో ఏదైనా ఉందా? వెంట్రుకల కుచ్చో గుంటో ఉంటే వెన్నుపాము కిందికి లాక్కుని ఉండొచ్చు. మామూలుగా పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 దగ్గర ఆగిపోతుంది. వీళ్లలో ఇంకా కింద ఉంటే మీ సూది నేరుగా దానికే తగులుతుంది. ఎమ్మారై చూడకుండా ముందుకు వెళ్లొద్దు. ఎక్స్‌రేలో యాదృచ్ఛికంగా ఒక్క ఎముక వెనక భాగం కలవకుండా కనపడి, చర్మం మీద గుర్తులేమీ లేక, కాళ్లలో లోపం లేకపోతే మాత్రం దానికి అంత కంగారు అక్కర్లేదు.

చివరగా పడుకున్నప్పుడు బీపీ, నిలబడ్డాక బీపీ. నిలబడితే పైది 20కి మించి పడిపోతే స్పైనల్ తర్వాత ఇంకా పడిపోతుందని ముందే తెలిసినట్టు.

కాళ్లలో ముందే లోపం ఉండి అది ఎప్పటిదో తేలకపోతే, నరాల పరీక్ష ఈఎంజీ ముందే చేయించి ఉంచడం మంచిది. నరం దెబ్బతిన్నాక ఈఎంజీలో ఆ గుర్తులు కనపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లోనే ఈఎంజీలో పాత దెబ్బ గుర్తులు కనపడితే, అవి సూది వల్ల వచ్చినవి కావు.

మూడోది: ఎక్కడ ఆగిపోవాలో తెలుసుకోండి

మెదడులో గడ్డ ఉండి ఒత్తిడి పెరిగి ఉంటే, లేదా సీఎస్ఎఫ్ (మెదడు, వెన్ను నీరు) దారి మూసుకుపోయి మెదడు లోపలి గదులు ఉబ్బి ఉంటే స్పైనల్ ఇవ్వకూడదు. కింద డ్యూరాకు (వెన్నుపాము చుట్టూ ఉండే పొరకు) రంధ్రం పడగానే పై ఒత్తిడికి మెదడు కిందికి జారుతుంది. ఇందులో ప్రాణమే పోతుంది. కియారీ లోపం (మెదడు వెనక భాగం కిందికి దిగి ఉండడం) ఉన్నవాళ్లలో కూడా ఇదే భయం. అయితే ఒత్తిడి ఎక్కువగా ఉన్న ప్రతి తలా ఒకటి కాదు. గడ్డ ఏమీ లేకుండా ఒత్తిడి మాత్రమే పెరిగే జబ్బులో నడుం దగ్గర నీరు తీయడం చికిత్సలో భాగం. అలాంటివారికి స్పైనల్ ఇవ్వొచ్చు. స్కాన్ చూడకుండా ఈ తేడా తెలియదు.

వెన్ను కాలువలో కంతి ఉంటే, లేదా వేరే చోటి క్యాన్సర్ వెన్నులోకి పాకి ఉంటే, అడ్డుకు కింద నీరు బయటికి రావడంతో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోవచ్చు. వెన్నుపాము రక్తనాళాల్లో చిక్కు ఉంటే రక్తస్రావం. వాన్ హిప్పెల్-లిండావ్, న్యూరోఫైబ్రొమటోసిస్ అనే వంశపారంపర్య జబ్బులు ఉన్నవాళ్లలో ఇవి దాగి ఉంటాయి కాబట్టి, వెన్ను ఎమ్మారై లేకుండా సూది వేయొద్దు.

మెదడు నుంచి పొట్టలోకి షంట్ (నీరు పోయే గొట్టం) ఉంటే, అది పనిచేస్తుంటే, స్పైనల్ ఇవ్వొచ్చు. శుభ్రత విషయంలో మరింత కచ్చితంగా ఉండండి. నడుం నుంచి పొట్టలోకి షంట్ ఉంటే సంగతి వేరు. సూది గొట్టానికి తగలొచ్చు, మందు షంట్‌లోంచి పారిపోయి బ్లాక్ (మొద్దుబారడం) సరిగా రాకపోవచ్చు. బాక్లోఫెన్ పంపు (కండరాల బిగువు తగ్గించే మందును వెన్నులోకి పంపేది) ఉన్నవాళ్లకు గొట్టం ఎక్కడినుంచి వెళ్తోందో ఎక్స్‌రేలో చూసుకుని దానికి దూరంగా వేయాలి.

నాలుగోది: ఆ జబ్బుకు తగిన జాగ్రత్తలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ దగ్గర ఎక్కువ వాదన జరుగుతుంది. మైలిన్ పొర (నరాల మీది తొడుగు) పోయిన వెన్నుపాముకు మందు నేరుగా ఎక్కువ తగులుతుందని, అందుకే స్పైనల్ కంటే ఎపిడ్యూరల్ నయమని ఒక సిద్ధాంతం ఉంది. రుజువు బలంగా లేదు, కానీ సిజేరియన్ వంటి వాటిలో తక్కువ మోతాదుతో స్పైనల్ ఇచ్చి, అవసరమైతే ఎపిడ్యూరల్ గొట్టంతో పెంచుకునే పద్ధతి ఈ భయాన్ని తగ్గిస్తుంది. గర్భిణుల విషయంలో ఒక సంగతి మనసులో పెట్టుకోండి. 1998లో ప్రచురించిన 12 యూరప్ దేశాల అధ్యయనంలో 254 మంది స్త్రీలను గమనించారు. గర్భం చివరి మూడు నెలల్లో జబ్బు నెమ్మదించి, కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో మళ్లీ పెరిగింది. ఎపిడ్యూరల్ తీసుకోవడం, తీసుకోకపోవడం వల్ల తేడా ఏమీ కనపడలేదు. అంటే మీరు ఏ మత్తు ఇచ్చినా ఆ మూడు నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది. ఇంకొకటి, ఒంటి వేడి పెరిగితే ఈ జబ్బు లక్షణాలు పెరుగుతాయి. వేడి గాలి దుప్పట్లు వేసి వదిలేయకండి, టెంపరేచర్ చూస్తూ ఉండండి.

డయాబెటిక్ న్యూరోపతీలో నరాలు మందుకు మామూలు కంటే ఎక్కువ లొంగుతాయి. బ్లాక్ ఎక్కువసేపు ఉంటుంది. మోతాదు తగ్గించండి, మందులో అడ్రినలిన్ కలపొద్దు, నరానికి వెళ్లే రక్తం ఇప్పటికే తక్కువ. గుండె, రక్తనాళాలను నడిపే నరాలు కూడా దెబ్బతిని ఉంటే బీపీ ఒక్కసారిగా పడుతుంది. ఎఫెడ్రిన్ పనిచేయకపోవచ్చు, ఫినైల్‌ఎఫ్రిన్‌కి అతిగా స్పందించవచ్చు. అందుకే 25 నుంచి 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచండి.

వెన్ను కాలువ ఇరుకు ఉన్నవాళ్లలో లక్షణాలు ఎంత ఎక్కువగా, ఎంత కొత్తగా ఉంటే అంత ఆలోచించాలి. ఎమ్మారైలో బాగా ఇరుకుగా ఉన్న ఖాళీని వదిలేసి వేరే చోట వేయండి. ఆ కొద్ది చోటులో మందు ఒకేచోట నిలిచిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి మొత్తం మోతాదు తక్కువగా ఉండాలి. మొదటి స్పైనల్ పట్టకపోతే అదే చోట మళ్లీ పూర్తి మోతాదు ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు, వీళ్లకు అసలే కాదు.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు స్పైనల్ నిజంగా మేలు చేస్తుంది. మాత్రలు నోటితోనే వేళకు వేసుకోవచ్చు. లెవోడోపా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి మింగడం, ఊపిరి కష్టమవుతాయి, అందుకే ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఇవ్వాలి. వాంతికి మెటోక్లోప్రమైడ్ ఇవ్వకండి, ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వండి. సెలెజిలిన్, రసాజిలిన్ వాడుతుంటే వణుకుకు పెథిడిన్ అసలు వద్దు. మెదడులో స్టిమ్యులేటర్ ఉంటే డయాథర్మీ (కరెంటుతో కోసే పరికరం) గురించి సర్జన్‌తో ముందే మాట్లాడండి.

మయస్తీనియాలోనూ (కండరాలు త్వరగా అలసి నీరసించే జబ్బు) స్పైనల్ మంచి ఎంపికే, బ్లాక్ ఛాతీ పైకి ఎక్కనంతవరకు. బుపివకైన్ వాడొచ్చు. పిరిడోస్టిగ్మిన్ తీసుకునేవారిలో క్లోరోప్రొకైన్ లాంటివి విరగడం మందగిస్తుంది, వాటిని వదిలేయండి. మెగ్నీషియం, జెంటామైసిన్ కండరాలను ఇంకా నీరసింపజేస్తాయి. ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బు) ఉన్నవాళ్లలో కూడా ప్రశ్న ఊపిరిదే. పడుకుని నిమ్మళంగా ఊపిరి తీసుకోలేని మనిషికి పక్కటెముకల మధ్య కండరాలు కూడా పోతే ఏం మిగులుతుందో ఆలోచించండి. కాలి ఆపరేషన్ అయితే బ్లాక్‌ను టీ10 (బొడ్డు స్థాయి) కింద ఉంచగలరా చూసుకోండి. గిల్లాన్-బారే (నరాలు వేగంగా దెబ్బతిని కాళ్లు చేతులు నీరసించే జబ్బు) ముదురుతున్న దశలో ఉంటే బీపీ, గుండె వేగం ఎటు పోతాయో చెప్పలేం. ఆ దశలో ఆపరేషన్ వాయిదా వేయగలిగితే వాయిదాయే మేలు.

వెన్నుపాము టీ6 (ఛాతీ ఆరో స్థాయి) లేదా అంతకంటే పైన తెగిపోయినవాళ్లలో, కింద స్పర్శ తెలియకపోయినా మత్తు ఇవ్వాలి. మూత్రాశయం సాగినా చాలు, బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. దాన్ని ఆపడంలో స్పైనల్ చాలా బాగా పనిచేస్తుంది. బ్లాక్ ఎక్కడిదాకా వచ్చిందో గుచ్చి చూడలేరు, కాళ్ల బిగువు, ఈడ్పులు తగ్గాయా అన్నదాన్ని బట్టి గ్రహించండి.

పక్షవాతం వచ్చి నిలకడగా ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు. ముఖ్యం బీపీ, పేషెంట్ మామూలు బీపీకి 20 శాతం లోపలే ఉంచండి. అత్యవసరం కాని ఆపరేషన్‌కి ఎంత ఆగితే అంత మంచిది. 2014లో డెన్మార్క్ నుంచి వచ్చిన పెద్ద అధ్యయనంలో ముప్పు తగ్గి ఒక స్థాయిలో నిలబడడానికి సుమారు 9 నెలలు పట్టింది. మూర్ఛ ఉన్నవాళ్లకు స్పైనల్ అడ్డు కాదు, మాత్రలు ఆపకపోతే చాలు.

ఐదోది: జనరల్‌తో తూకం వేసి, పేషెంట్‌తో మాట్లాడండి

రెండు పక్కలా పెట్టి చూడండి. కాళ్లు పడిపోయినవాళ్లకు, ఏఎల్ఎస్, గిల్లాన్-బారే ఉన్నవాళ్లకు సక్సినైల్‌కోలిన్ ఇస్తే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. మయస్తీనియాలో కండరాలు సడలించే మందుల లెక్క తప్పుతుంది. మింగలేనివాళ్లకు మెలకువ వచ్చాక పొలమారుతుంది. ఈ ముప్పు స్పైనల్ ముప్పు కంటే పెద్దదైతే స్పైనల్ వైపే మొగ్గండి. ఒక్క నరానికి బ్లాక్ ఇస్తే సరిపోయే ఆపరేషన్ అయితే అదీ పరిశీలించండి, న్యూరోపతీ ఉన్నవాళ్లలో దానికీ ఇలాంటి ప్రశ్నలే ఉంటాయి.

పేషెంట్ అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నడుముకి సూది వేస్తే కాళ్లు పడిపోతాయంటున్నారు, నిజమేనా డాక్టర్ గారూ?" "అలాంటిదేం లేదమ్మా, భయపడకండి" అని తేల్చేయడం సులువు, కానీ అది అబద్ధం. ఇలా చెప్పొచ్చు: "చూడండమ్మా, మీ నరాలు ఇప్పటికే కొంచెం దెబ్బతిన్నాయి. మీలాంటివాళ్లకి ఈ సూది వేసినప్పుడు నూటికి తొంభై తొమ్మిది మంది దాకా ఏ ఇబ్బందీ లేకుండా బయటపడ్డారు. ఎవరో ఒకరికి తిమ్మిరో బలహీనతో కొంచెం పెరిగింది. అది సూది వల్లా, జబ్బు వల్లా, ఆపరేషన్ వల్లా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. పూర్తి మత్తు ఇస్తే మీ ఊపిరికి వచ్చే ఇబ్బంది ఇంకా ఎక్కువని నా అభిప్రాయం." ఆ తర్వాత ఆగండి. ఆవిడ అడగాల్సింది అడగనివ్వండి, ఇంటివాళ్లు పక్కనుంటే వాళ్లనీ అడగనివ్వండి. ఇక్కడ చెప్పిన మాటలే కన్సెంట్‌లో రాయండి. అచ్చు వేసిన ఫారం మీద సంతకం ఒక్కటే చాలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న గర్భిణి అయితే, కాన్పు తర్వాత మూడు నెలల్లో జబ్బు తిరగబెట్టవచ్చన్నది ఇప్పుడే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

ఆరోది: సూది దగ్గర

మానిటర్లు పెట్టి, ఐవీ లైన్ నడుస్తోందో లేదో చూసుకుని, ఫినైల్‌ఎఫ్రిన్ సిరంజి చేతికందేలా ఉంచుకోండి. చర్మానికి 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఆల్కహాల్ ద్రావణం రాసి పూర్తిగా ఆరనివ్వండి. ఆ ద్రావణం స్పైనల్ ట్రే మీదికి రాకూడదు, గ్లవ్స్‌కి అంటితే మార్చుకోండి. అది నరాలకు విషం.

ఆంప్యూల్ మీద పేరు గట్టిగా చదవండి, మరొకరి చేత కూడా చదివించండి. బుపివకైన్ అనుకుని ట్రానెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి ఇచ్చిన ఘటనలు జరిగాయి. తీవ్రమైన ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. మూర్ఛ ఉన్న పేషెంట్ అయితే ఇలాంటి ఫిట్స్‌ని పాత జబ్బు అనుకుని అసలు కారణం కనిపెట్టలేకపోయే ప్రమాదం ఉంది.

25 లేదా 27 గేజ్ పెన్సిల్ మొన సూది తీసుకోండి. ఎల్3–ఎల్4 లేదా దాని కింద. మన చేతి అంచనా మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. 2000లో ప్రచురించిన ఒక పరిశీలనలో, మత్తు డాక్టర్లు వీపు తడిమి చెప్పిన ఖాళీని ఎమ్మారైతో సరిచూస్తే 29 శాతం సార్లే సరిపోయింది. ఎక్కువసార్లు అనుకున్నదానికంటే పైన ఉన్నారు. సందేహం ఉంటే ఒక ఖాళీ కిందికి దిగండి, అల్ట్రాసౌండ్ ఉంటే వాడండి.

సూది వెళ్తుండగా కాలిలోకి షాక్ కొట్టినట్టు అయితే ఆగిపోండి. సూది వెనక్కి తీయండి. ఆ జివ్వుమనడం పోయిందని పేషెంట్ చెప్పేదాకా కదలకండి. మందు ఎక్కిస్తుంటే నొప్పి పుడితే ఎక్కించడం ఆపేయండి. వీళ్లలో కొందరికి కాళ్లలో స్పర్శే లేదు కాబట్టి ఈ హెచ్చరిక మీకు అందకపోవచ్చు, అందుకని మరీ నెమ్మదిగా వెళ్లాలి. మత్తుగా నిద్రపుచ్చి స్పైనల్ వేయకండి. రెండు మూడు ప్రయత్నాల్లో రాకపోతే సీనియర్‌ని పిలవండి, లేదా పద్ధతి మార్చండి.

మందు విషయంలో ఆపరేషన్‌కి చాలినంతే, అంతకు మించి వద్దు. కాలి ఆపరేషన్‌కి 0.5 శాతం హైపర్‌బారిక్ బుపివకైన్ 7.5 నుంచి 10 మిల్లీగ్రాములు, 15 నుంచి 20 మైక్రోగ్రాముల ఫెంటనిల్‌తో చాలాసార్లు సరిపోతుంది. 5 శాతం లిగ్నోకైన్ మాత్రం వద్దు. 1991లో సన్నటి కాథెటర్ల ద్వారా దాన్ని ఇచ్చినవారిలో కాడా ఈక్వైనా (వెన్నుపాము చివరి నరాల గుత్తి) దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి, మరుసటి ఏడాది అమెరికాలో ఆ కాథెటర్లను మార్కెట్ నుంచి తీసేశారు. ప్రిజర్వేటివ్ ఉన్న ఏ మందూ వెన్నులోకి వెళ్లకూడదు.

బ్లాక్ పట్టాక మీ పని అయిపోలేదు. మోకాలి బయటివైపు మెత్త ఉందా, కాళ్లు ఎత్తి కట్టినప్పుడు తుంటి మరీ వంగిందా, టూర్నికే ఎంతసేపు ఉంది, ఇవన్నీ మీరే చూసుకుని సమయంతో సహా రాయండి. స్పర్శ లేని కాలు నొప్పి అని చెప్పదు.

ఏడోది: సూది తర్వాత

రికవరీలో నర్సుకి "స్పైనల్ ఇచ్చాం" అని మాత్రమే చెప్పకండి. "ఈయనకి ముందునుంచే కుడి బొటనవేలు 3, ఎడమది 5. నాలుగు గంటల్లోపు మోకాలు వంచకుండా ఎడమ కాలు ఎత్తగలగాలి, కుడి కాలు ముందు ఎత్తినంత ఎత్తాలి. లేకపోతే నాకు ఫోన్ చేయండి" అని చెప్పండి, రాసి ఇవ్వండి. నాలుగు గంటలకు కాలు ఎత్తలేకపోతే డాక్టర్ వచ్చి చూడాల్సిందే. న్యూరోపతీ ఉంది కదా, బ్లాక్ కాస్త ఎక్కువసేపు ఉంటుందిలే అని సరిపెట్టుకోవడం ఇక్కడ చాలా ప్రమాదం.

ఒకసారి తిరిగొచ్చిన బలం మళ్లీ తగ్గడం, గడిచేకొద్దీ మొద్దుబారడం పెరగడం, నడుములో కొత్తగా తీవ్రమైన నొప్పి, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఎమ్మారై. వెన్నులో రక్తం గడ్డకట్టి ఉంటే, లక్షణాలు మొదలైన 8 గంటల్లోపు ఆపరేషన్ చేసి తీసేసినవాళ్లలో కోలుకునే అవకాశం బాగా ఉన్నట్టు 1994లో వాండర్‌మ్యూలెన్ బృందం సేకరించిన కేసుల్లో తేలింది. రాత్రి అయినా, స్కాన్ వేరే చోట ఉన్నా, "పొద్దున్న చూద్దాం" అనకండి. న్యూరోసర్జన్‌కి ఫోన్, ఎమ్మారై ఏర్పాటు ఒకేసారి మొదలవ్వాలి. ఎమ్మారైలో ఏమీ లేకపోతే అప్పుడు ఈఎంజీ, న్యూరాలజిస్ట్ పరీక్ష.

మరుసటి రోజు మీరే వెళ్లి అదే పరీక్ష, అదే వరుసలో చేయండి. బొటనవేలు, మడమ, పాదం లోపలికి, మోకాలు, తుంటి, స్పర్శ, మూత్రం. పాత కాగితం పక్కన పెట్టుకుని పోల్చి చూసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టండి.

డిశ్చార్జి కాగితంలో మత్తు గురించి ఒక్క లైన్ రాసి వదిలేయకండి. ఏ ఖాళీలో వేశారు, ఏ సూది, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని ప్రయత్నాలు, షాక్ కొట్టినట్టు అయిందా, అత్యంత తక్కువ బీపీ ఎంత, బ్లాక్ పూర్తిగా పోవడానికి ఎంతసేపు పట్టింది, ముందు గ్రేడ్లు ఎంత, తర్వాత ఎంత, ఇవన్నీ ఉండాలి. న్యూరాలజిస్ట్‌ని ఎప్పుడు కలవాలో తేదీ వేయండి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న బాలింతకు ఆ తేదీ మూడు నెలలు దాటకూడదు. ఏ లక్షణం కనపడితే అంతకు ముందే రావాలో, ఎవరికి ఫోన్ చేయాలో, ఇంట్లో చదివేవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసి, నంబరుతో సహా ఇంటివాళ్ల చేతికివ్వండి.